సెయిల్స్ కన్నా ముందు తీగలు: చెన్నైలో పాత ఎంటర్‌ప్రైజ్‌కి కొత్త రిగ్గింగ్

మీ ప్రశ్న సంగతి ఇదీ. రాయపురంలో ఉంటారు, ఎంటర్‌ప్రైజ్ రకం పాత చెక్క తెరచాప పడవ ఒకటి కొన్నారు, హార్బర్‌లో నడుపుతున్నారు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచేసరికి బోటు ఎదురుగాలికి ఎక్కడం లేదు. గాలి పోయే వైపు ష్రౌడ్ (మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, పక్క నుంచి పట్టే తీగ) వేలాడిపోతోంది, జిబ్ (ముందున్న చిన్న తెరచాప) ముందంచు విల్లులా వంగుతోంది. విదేశం నుంచి కొత్త సెయిల్స్ తెప్పించుకోవాలా, తీగలు పీకేసి డైనీమా అనే గట్టి కృత్రిమ తాడు వేయాలా, సామాను చెన్నైలో ఎంతవరకు దొరుకుతుంది? ఈ మూడూ అడిగారు.

సెయిల్స్ ఇప్పుడే కొనకండి అండి. మీరు చెప్పిన లక్షణాలు రెండూ బట్టవి కావు, తీగలవి. వదులు రిగ్ (మాస్ట్, దాన్ని పట్టే తీగల అమరిక) మీద కొత్త మెయిన్ (వెనకున్న పెద్ద తెరచాప) కట్టినా అది పాతదానిలాగే పొట్ట పెంచుకుని కూర్చుంటుంది. జాక్ హోల్ట్ 1956లో గీసిన ఈ బోటుకి స్పినకర్ (గాలి వెంట పోయేటప్పుడు ఎత్తే బుడగ తెరచాప) లేదు, ట్రపీజ్ (మనిషి మాస్ట్ నుంచి వేలాడి బయటికి వాలే తీగ) లేదు. ఉన్నదల్లా మెయిన్, జిబ్ కలిపి 113 చదరపు అడుగుల గుడ్డ. దాని ఆకారం చెడితే ఆదుకునేది ఇంకేదీ లేదు. ఆ ఆకారాన్ని పట్టి ఉంచేది 3 మి.మీ. తీగ.

ముందు ఒక విషయం తేలాలి. ఈ బోటులో మాస్ట్‌ని ముందుకి లాగి పట్టేది ఫోర్‌స్టే (మాస్ట్ నుంచి బోటు ముక్కుకి కట్టిన తీగ) అని చాలామంది అనుకుంటారు. నిజానికి జిబ్ దించి ఉన్నప్పుడు మాస్ట్ వెనక్కి పడిపోకుండా చూడటమే దాని పని. జిబ్ ఎత్తి హాల్యార్డ్ (సెయిల్‌ని పైకి లాగే తాడు) బిగించాక ఫోర్‌స్టే వదులైపోతుంది, అలా వదులు కావాలి కూడా. అప్పుడు బిగువంతా జిబ్ ముందంచులో కుట్టేసి ఉన్న లఫ్ తీగ మీదుగా పోతుంది. పాత జిబ్‌లలో ఈ తీగ ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది, పైకి కనపడదు. తొడుగు పగిలితే ఉప్పునీళ్ళు లోపలికి దిగి అక్కడే ఉండిపోతాయి. జిబ్‌ని నేల మీద పరిచి, ముందంచుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పైనుంచి కిందికి జరుపుకుంటూ రండి. ఎక్కడైనా కరకరలాడినా, గుడ్డ మీద గోధుమరంగు మరక కనిపించినా, ట్యాక్ (ముందు కింది మూల) దగ్గర తొడుగు ఉబ్బి ఉన్నా ఆ తీగ పని అయిపోయినట్టే. అది మార్చకుండా ష్రౌడ్లు ఎంత మంచివి వేసినా బిగువు నిలవదు.

ఇక ష్రౌడ్లు. ఇద్దరి బరువు 140 కిలోలు అనుకుందాం. అంచు మీద కూర్చుని పూర్తిగా వెనక్కి వాలితే ఆ బరువు మధ్యగీత నుంచి 1.1 మీటర్ల దూరంలో పని చేస్తుంది. హల్ (బోటు ఒళ్ళు) బరువు కూడా కాస్త కలిస్తే సుమారు 170 కేజీ×మీటర్ల తిప్పుడు బలం. ష్రౌడ్ కట్టిన చెయిన్‌ప్లేట్ మధ్యగీతకి 0.7 మీటర్ల దూరంలో ఉందనుకుంటే రెండు వైపుల ష్రౌడ్ల మధ్య దాదాపు 240 కిలోల తేడా ఉండాలి. ముందే చెరొకదానిలో 110 కిలోల బిగువు ఉంటే గాలి వచ్చే వైపుది 230కి పెరుగుతుంది, అవతలిది సున్నా దగ్గరికి వస్తుంది. మీరు ముందుగా బిగించింది 30, 40 కిలోలే అయితే చిన్న గాలికే అవతలిది వేలాడుతుంది. దాంతో మాస్ట్ పక్కకి ఒరుగుతుంది, జిబ్ లఫ్ వంగుతుంది, జిబ్ పొట్ట ముందుకి పెరుగుతుంది, బోటు ముక్కు గాలిలోకి ఎక్కదు. పైగా గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. ఉదయం బాగానే నడిచిన బోటు మధ్యాహ్నం మొండికేయడానికి కారణం ఇదే.

లెక్క వచ్చింది కాబట్టి తీగ మందం కూడా తేల్చుకోవచ్చు. 1×19 అల్లికలో, అంటే 19 గట్టి పోగులు ఒకే పురిగా ఉండే తీగలో, 316 రకం 3 మి.మీ. తెగే బరువు సుమారు 720 కిలోలు. 2.5 మి.మీ.ది 500 దగ్గర. పైన వచ్చిన 230కి మొదటిది మూడింతల గట్టి, రెండోది రెండింతలే. రేసు బోట్లలో బరువు తగ్గుతుందని 2.5 వేస్తారు, అది వాళ్ళ లెక్క. సముద్రపు అలల కుదుపు, చెన్నై ఉప్పుగాలి రెండూ ఉన్నచోట 3 మి.మీ. కన్నా తగ్గకండి. 4 మి.మీ. కూడా వద్దు. ఊరికే పైన బరువు పెరగడమే కాక, మీ టెర్మినళ్ళూ (తీగ కొసలకి నొక్కిన గొట్టాలు), స్ప్రెడర్ (మాస్ట్ నడుము నుంచి ష్రౌడ్‌ని పక్కకి తోసే కడ్డీ) కొసలూ దానికి సరిపడవు.

అల్లికలో పొరపాటు పడకండి. 7×7, 7×19 తీగలు మెత్తగా వంగుతాయి, అందుకే కప్పీ మీద తిరిగే హాల్యార్డ్‌కి బాగుంటాయి. ష్రౌడ్‌కి వేస్తే సాగుతాయి. 3 మి.మీ. 7×7 తెగే బరువు 1×19తో పోలిస్తే నాలుగో వంతు తక్కువ కూడా. దుకాణంలో 'అదే స్టెయిన్‌లెస్, అదే 3 ఎంఎం' అని ఇచ్చేస్తారు. కొస దగ్గర పోగులు లెక్కపెట్టుకోండి.

304, 316 తేడా మీద కూడా కాస్త పట్టు పట్టాలి. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, 304లో ఉండదు. ఉప్పులోని క్లోరైడ్‌ని తట్టుకునేది ఆ కాస్త మాలిబ్డినమే. అయస్కాంతం పెట్టి చూసి తేల్చేస్తామంటారు కొందరు. అది తేల్చదు. తీగగా లాగినప్పుడు రెండూ కాస్తో కూస్తో అయస్కాంతానికి స్పందిస్తాయి. మాలిబ్డినం ఉందో లేదో చెప్పే చుక్కల మందు వస్తుంది, ఒక చుక్క వేస్తే రంగు తేడా చూపిస్తుంది. బోల్టులకైతే అంత శ్రమ లేదు, తల మీద ఏ4-70 అని ఉంటే 316 రకం, ఏ2-70 అని ఉంటే 304 రకం.

ఇప్పుడున్న తీగల్ని పీకే ముందు ఒక్కసారి చూడండి. దూది ఉండ తీసుకుని ష్రౌడ్ పొడవునా తుడవండి. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగ పోగు తెగింది. వేలితో చూడకండి, చర్మం చీలుతుంది. తర్వాత కింది టెర్మినల్ దగ్గర, తీగ లోపలికి దూరే నోటి దగ్గర ఫోన్ కెమెరాతో బాగా దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. తీగ మీద లేత టీ మరకలాంటి రంగు ఉంటే భయం లేదు, తుడిస్తే పోతుంది. అదే నోట్లోంచి ముదురు గోధుమరంగు కారుతున్నా, టెర్మినల్ గొట్టం మీద పొడవునా వెంట్రుకంత నెర్రె కనిపించినా ఆ తీగ ఇంక సముద్రంలోకి వెళ్ళకూడదు. స్టెయిన్‌లెస్ మీద ఉండే పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర గాలి తగులుతుంటేనే మళ్ళీ మళ్ళీ ఏర్పడుతుంది. నొక్కేసిన గొట్టం లోపల గాలి ఉండదు, ఉప్పునీళ్ళు ఉంటాయి. అందుకే బయట మెరుస్తున్న తీగ లోపల కుళ్ళుతుంది. కింది టెర్మినలే ముందు పోతుంది, నీళ్ళు అక్కడికే దిగుతాయి కాబట్టి. తీగ వయసు తెలియకపోతే మార్చేయడమే మేలు. ఒక్క వైపు పోయినా రెండు వైపులా మార్చాలి, లేకపోతే సాగుదలలో తేడా వచ్చి మాస్ట్ పక్కకి తిరుగుతుంది.

కొసలు ఎలా కట్టించాలన్నదే చెన్నైలో అసలు చిక్కు. మన్నడి, ప్యారీస్ కార్నర్ వీధుల్లో తీగతాళ్ళు అమ్మేవాళ్ళూ, క్రేన్ స్లింగ్‌లు ప్రెస్ చేసి ఇచ్చేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ పని గట్టిదే, కానీ వాళ్ళు వేసే ఫెరూల్ (తీగ కొసని మడిచి నొక్కి పట్టే గొట్టం) ఎక్కువగా అల్యూమినియంది. స్టెయిన్‌లెస్ తీగ మీద అల్యూమినియం ఫెరూల్ వేసి ఉప్పునీళ్ళు తగలనిస్తే ఫెరూల్ తెల్ల పిండిగా రాలుతుంది. రాగి ఫెరూల్ కావాలని గట్టిగా అడగండి, లేదా మీరే కొని తీసుకెళ్ళండి. అది కూడా 7×7, 7×19 తీగలకే. 1×19ని థింబుల్ (కన్ను లోపల ఉండే లోహపు గాడి ముక్క) చుట్టూ తిప్పి ఫెరూల్ వేయకూడదు, ఆ వంపుకి పోగులు విడిపోతాయి. 1×19కి నేరుగా నొక్కే టెర్మినల్ కావాలి, దానికి రోలర్ స్వేజింగ్ మెషిన్ కావాలి. కాబట్టి ష్రౌడ్లు రెండూ, ఫోర్‌స్టే రిగ్గింగ్ చేసేవాళ్ళ దగ్గర ముందే తయారు చేయించి తెప్పించుకోవడం మంచిది. జిబ్ హాల్యార్డ్ లాంటివి ఇక్కడే చేయించుకోవచ్చు.

కొలత ఎలా ఇవ్వాలి? పాత ష్రౌడ్‌ని నేల మీద చాచి, ఒక కొస మేకుకి తగిలించి, రెండో కొసని చేతి బలం కొద్దీ లాగి పట్టుకుని, పై సీల ఆనే చోటు నుంచి కింది సీల రంధ్రం మధ్య వరకు స్టీల్ టేపుతో కొలవండి. గుడ్డ టేపు వద్దు. పై టెర్మినల్ టీ ఆకారందా, కొక్కేనిదా, కన్నందా అన్నది ఫోటో తీసి పంపండి, మాస్ట్‌లోని పలకకి అది సరిపోవాలి. రెండు వైపులా కొలిచి తేడా 3 మి.మీ. మించితే రెండూ వేరువేరు కాలాల్లో వేసినవని అర్థం. పొట్టిదాని కొలతే ఇవ్వండి, మిగిలింది చెయిన్‌ప్లేట్ మీది రంధ్రాల పలకతో సర్దుకోవచ్చు.

తీగలకి బదులు డైనీమా అడిగారు. హాల్యార్డ్‌కి నిశ్చింతగా వేయండి. ష్రౌడ్‌కి వద్దు. బలం చాలక కాదు, 4 మి.మీ. డైనీమా 3 మి.మీ. తీగ కన్నా ఎక్కువే మోస్తుంది. కానీ నిత్యం బిగువులో ఉంటే అది నెమ్మదిగా సాగుతూ పోతుంది, ఎండలో ఇంకాస్త ఎక్కువగా. స్ప్రెడర్ కొస దగ్గర ఒరుసుకుంటుంది. వారానికోసారి లాగి కట్టే ఓపిక మీకున్నా ప్రతిసారీ మాస్ట్ వాలు మారిపోతుంది, మళ్ళీ కొలవాలి. రేసుల్లో దిగే ఆలోచన ఉంటే క్లాస్ నిబంధనలు కూడా ఒకసారి చదవండి.

ఇక అందరూ దాటేసే మాట. తీగ మారుస్తున్నారు, బిగువు మూడింతలు చేయబోతున్నారు. ఆ బిగువు వెళ్ళి పడేది ఆ పాత చెక్క మీద. రెండు ష్రౌడ్లూ పైకి లాగుతాయి, ముందు జిబ్ ట్యాక్ పైకి లాగుతుంది, వీటి మొత్తం మాస్ట్ పాదం మీద కిందికి దిగుతుంది. బోటుని వింటిబద్దలా వంచే బలం అది. చెయిన్‌ప్లేట్ చుట్టూ చెక్కని సన్నటి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. టక్ మని ఆగాలి. మెత్తగా దిగితే అక్కడ కుళ్ళు ఉంది. స్క్రూలు ఒకటి విప్పి చూడండి, నల్లగా సన్నబడి ఉంటే అన్నీ మార్చాలి. వీలైతే స్క్రూల బదులు ఆరపార బోల్టులు, లోపలి వైపు పలక వేయండి. కుళ్ళిన చోట గట్టి చెక్క తగిలేవరకు చెక్కేసి, బాగా ఆరనిచ్చి, ఎపాక్సీతో ముక్క అతకాలి. చెన్నైలో 'ఆరింది' అని చూసి చెప్పలేం, గాలిలోనే తేమ ఉంటుంది. కప్పు కింద వారం రోజులు ఉంచి, పైన పాలిథిన్ షీటు అంచులు అంటించి రాత్రంతా వదలండి. పొద్దున షీటు లోపలి వైపు చెమర్చితే ఇంకా ఆగాలి. మాస్ట్ పాదం కింది చెక్క, ముందు డెక్ మీద జిబ్ ట్యాక్ పలక, ఈ రెండింటినీ కూడా ఇలాగే చూడండి.

చెక్క సరే అనిపించాక మాస్ట్ దించి రెండు బల్లల మీద పెట్టండి. గాడి వెంట ఒక కన్ను మూసి చూస్తే పక్క వంపు తెలిసిపోతుంది. స్ప్రెడర్ బ్రాకెట్ చుట్టూ, రివెట్ల చుట్టూ తెల్ల పొడి కనిపిస్తే అక్కడ స్టెయిన్‌లెస్‌కీ అల్యూమినియంకీ మధ్య ఉప్పునీళ్ళు బ్యాటరీలా పనిచేశాయి, పోయేది అల్యూమినియం. బ్రాకెట్ తీసి, కింద సన్న నెర్రెలు లేవని చూసుకుని, మధ్యలో పలుచని నైలాన్ షీటు ముక్క గానీ, పెయింట్ షాపులో దొరికే పసుపు జింక్ క్రోమేట్ ప్రైమర్ పూత గానీ పెట్టి మళ్ళీ బిగించండి. ప్రైమర్ పని చేసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, అది విషం. రివెట్లు మోనెల్‌వి (నికెల్, రాగి కలిసిన లోహం), 4.8 మి.మీ. వాటికి చిన్న చేతి గన్ను చాలదు, సగంలో ఆగిపోయి రివెట్ పాడవుతుంది. పొడుగు పిడుల రివెటర్ అద్దెకి తెచ్చుకోండి. మాస్ట్ లోపలికి నీళ్ళు చేరే కన్నాలు మూసేయడం కూడా ఇప్పుడే. బోటు పక్కకి పడినప్పుడు ఖాళీ మాస్ట్ తేలుతుంది, నీళ్ళు నిండింది మునుగుతుంది. అప్పుడు బోటు బోర్లా తిరగబడుతుంది, లేపడం చాలా కష్టం.

స్ప్రెడర్ల గురించి రెండు ముక్కలు. వాటిని వెనక్కి వాల్చితే మాస్ట్ నడుము ముందుకి వంగుతుంది, మెయిన్ చదునవుతుంది. ముందుకి తెస్తే మాస్ట్ నిటారవుతుంది, మెయిన్‌కి పొట్ట వస్తుంది. ఇద్దరూ తేలికపాటి మనుషులైతే కొంచెం వెనక్కి, బరువైనవాళ్ళయితే కొంచెం ముందుకి. ఏది ఎంత పెట్టినా రెండు వైపులా కోణం ఒకేలా ఉండాలి, లేకపోతే గాలి ఒక పక్క నుంచి వస్తే బాగుండి రెండో పక్క నుంచి వస్తే బోటు ఏడిపిస్తుంది.

బిగువు కొలవడానికి లూస్ గేజ్ ఉంటే మంచిదే. లేకపోయినా వెర్నియర్ కాలిపర్, సరిగ్గా 2 మీటర్ల అల్యూమినియం పట్టీ చాలు. 1×19 తీగ 2 మీటర్ల పొడవులో 1 మి.మీ. సాగిందంటే తెగే బరువులో 5 శాతం బిగువు ఉన్నట్టు. పట్టీ పై కొసని ష్రౌడ్‌కి టేపుతో గట్టిగా చుట్టండి, కింది కొస ఊరికే ఆనుకుని ఉండాలి. జిబ్ హాల్యార్డ్‌ని వదులు పోయేంత వరకే చేత్తో లాగి, పట్టీ కింది కొస ఉన్నచోట తీగ మీద సన్నని టేపు గుర్తు పెట్టండి. ఇప్పుడు హాల్యార్డ్ బిగిస్తూ గుర్తు ఎంత కిందికి జరిగిందో కాలిపర్‌తో చూడండి. 3 మి.మీ. తీగకి 2 మి.మీ. జరిగితే 72 కిలోలు, 3 జరిగితే 108, 4 జరిగితే 144. పాత చెక్క బోటుకి 108 దగ్గర ఆగండి. గట్టి ఫైబర్ హల్ అయితే 144 వరకు వెళ్ళొచ్చు. బిగించేటప్పుడు ఒకరు లోపల కూర్చుని చెవి పెట్టి వినాలి. చెక్క చిటపటలాడితే వెంటనే వదిలేయండి. ఈ లెక్క 7×7 తీగకి పనికిరాదు, అది వేరుగా సాగుతుంది.

అంత బిగువు చేత్తో రాదు, కప్పీల వరస కావాలి. ఒక తేలే కప్పీ పెడితే రెట్టింపు, దాని కొసకి ఇంకోటి పెడితే నాలుగింతలు, ఇంకోటితో ఎనిమిది, ఇంకోటితో పదహారు. 130 కిలోల బిగువుకి 16 రెట్ల వరస పెడితే కాగితం మీద 8 కిలోలు లాగితే చాలు. ఒరిపిడి కలిపి 13 కిలోలు పట్టొచ్చు, అదీ ఒక చేతి పనే. బదులుగా హాల్యార్డ్ 10 సెం.మీ. దిగాలంటే 1.6 మీటర్ల తాడు లాగాలి, దానికి చోటు చూసుకోండి. కప్పీ కొనేటప్పుడు గుర్తుంచుకోవాల్సిందొకటి: తాడు 180 డిగ్రీలు తిరిగి వెనక్కి వచ్చే కప్పీ మీద తాడు బిగువుకి రెండింతల బరువు పడుతుంది, 90 డిగ్రీలు తిరిగితే 1.41 రెట్లు. వరసలో మొదటిది, హాల్యార్డ్‌కి నేరుగా తగిలేది, అన్నిటికన్నా గట్టిది ఉండాలి. చివరిది చిన్నదైనా పర్లేదు.

తాళ్ళు. కాసిమేడు చేపల రేవు దగ్గర దుకాణాల్లో తాళ్ళకి కొదవ లేదు, కానీ అవి వలలకీ లంగర్లకీ చేసినవి. పాలీప్రొపిలీన్ ఎండకి పెళుసెక్కుతుంది, నైలాన్ రబ్బరులా సాగుతుంది. లంగరుకి నైలాన్ అక్కడే కొనండి, అంతకన్నా మంచిది దొరకదు. హాల్యార్డ్‌లకి, షీట్లకి (సెయిల్‌ని లోపలికి లాగే తాళ్ళకి) కాదు. మెయిన్ హాల్యార్డ్‌కి 4 లేదా 5 మి.మీ. డైనీమా, పొడవు మాస్ట్‌కి రెండింతలు, పైన ఒక మీటరు. పాత తీగ హాల్యార్డ్ తీసి తాడు వేస్తుంటే మాస్ట్ పైనున్న కప్పీ చక్రాన్ని తప్పకుండా చూడండి. తీగ కోసిన గాడి అంచులు బ్లేడులా ఉంటాయి, డైనీమాని నెల్లాళ్ళలో తినేస్తాయి. చక్రం మార్చాలి, గీకి నున్న చేస్తే సరిపోదు. మెయిన్‌షీట్ 8 మి.మీ. పాలియెస్టర్, బూమ్‌ని (మెయిన్ కింది అడ్డకర్రని) పూర్తిగా బయటికి తోసి కప్పీల మధ్య దూరం కొలిచి, ఎన్ని వరసలుంటే అన్నింతలు చేసి, ఒకటిన్నర మీటరు కలపండి. జిబ్ షీట్ 7 మి.మీ. ఒకటే తాడు, ఆ కొస నుంచి ఈ కొసకి, బోటు పొడవుకి దాదాపు రెండింతలు, అంటే 8 మీటర్లు. డైనీమాకి ముడి వేస్తే సగం బలం పోతుంది, జారుతుంది కూడా. కొసని తాడు లోపలికే దూర్చి కన్ను చేయాలి. లోపలికి దూర్చే పొడవు మందానికి 72 రెట్లు, అంటే 4 మి.మీ. తాడుకి 29 సెం.మీ. తోకని ఒకేసారి కత్తిరించకుండా పోగులు కొన్ని కొన్ని తీసేస్తూ సన్నగా దించండి, లేకపోతే ఆ అంచు దగ్గరే తెగుతుంది.

వాంగ్ (బూమ్‌ని కిందికి లాగే కప్పీల వరస) మూడు రెట్లది ఉంటే ఎనిమిది చేయండి. గాలి పెరిగినప్పుడు బూమ్ పైకి లేవకుండా పట్టేది అదే. కనింగ్‌హామ్ (మెయిన్ ముందంచుని కిందికి లాగే తాడు), ఔట్‌హాల్ (మెయిన్ కింది అంచుని వెనక్కి లాగే తాడు) ప్రస్తుతానికి ఉన్నవి చాలు.

ఇంత చేశాక సెయిల్స్ దగ్గరికి రండి. మొదట కుట్లు చూడాలి. మన ఎండకి గుడ్డ కన్నా దారం ముందు పోతుంది. గోటితో కుట్టుని అడ్డంగా గీకండి, దారం ఊడి వస్తే సెయిల్ మొత్తానికి మళ్ళీ కుట్టు వేయించాలి. జిగ్‌జాగ్ మెషిన్ ఉన్న టార్పాలిన్ కుట్టేవాళ్ళు చేస్తారు, దారం మాత్రం బాండెడ్ పాలియెస్టర్‌ది మీరే ఇవ్వండి. వాళ్ళ దగ్గరున్న మామూలు దారం ఒక వేసవి కూడా ఆగదు. తర్వాత ఆకారం. బోటుని ఎదురుగాలికి నడుపుతూ, బూమ్ మధ్యలో ఫోన్ పెట్టి పైకి ఫోటో తీయండి. సెయిల్ సగం ఎత్తున ముందంచు నుంచి వెనకంచుకి గీత గీసి, పొట్ట ఎంత లోతు, ఎక్కడ ఉంది చూడండి. లోతు గీత పొడవులో 10 నుంచి 12 శాతం, ముందంచు నుంచి 40 నుంచి 45 శాతం దూరంలో ఉంటే ఆ మెయిన్‌కి ఇంకా ప్రాణం ఉంది. కనింగ్‌హామ్ గట్టిగా లాగినా పొట్ట సగం దాటి వెనక్కే కూర్చుంటే గుడ్డ సాగిపోయింది, దానికి మందు లేదు.

ఇంకో గుర్తు: వెనక కింది మూల నుంచి ముందంచు నడుము దాకా ఏటవాలు ముడతలు పడితే మాస్ట్ ఆ సెయిల్ కోసిన దానికన్నా ఎక్కువ వంగుతోంది. అది సెయిల్ తప్పు కాదు, స్ప్రెడర్లు కాస్త ముందుకి తేవాలి. సెయిల్ ముందంచుని వంపుగా కోస్తారు, ఆ వంపు మాస్ట్ వంపుతో కలవాలి. అందుకే కొత్తది చేయించేటప్పుడు 'ఎంటర్‌ప్రైజ్ మెయిన్ ఒకటి' అని రాసి పంపితే చాలదు. మాస్ట్ ఏ కంపెనీ సెక్షన్, బిగువు పెట్టాక నడుము దగ్గర ఎన్ని మి.మీ. వంగుతోంది (పై కొస నుంచి పాదం వరకు గాడి వెంట దారం లాగి పట్టి కొలవొచ్చు), ఇద్దరి బరువు ఎంత, ఎక్కువగా ఏ గాలిలో నడుపుతారు, ఇవన్నీ రాయాలి. రిగ్ సరిచేశాకే సెయిల్ కొనమనడానికి ఇదీ కారణమే, ముందు కొంటే ఈ కొలతలు మీ దగ్గర ఉండవు. గుడ్డ 4 ఔన్సుల డేక్రాన్ (సెయిల్స్‌కి వాడే పాలియెస్టర్), అంటే చదరపు మీటరుకి సుమారు 170 గ్రాములు. మెరిసే లామినేట్ల జోలికి పోకండి, ఎండలో పొరలు విడిపోతాయి. రేసు కోసం కాకపోతే మెయిన్‌లో ఒక రీఫ్ వరస (గాలి ఎక్కువైతే సెయిల్‌ని చిన్నది చేసి కట్టే కన్నాలు) పెట్టించండి, జూన్, జులైల్లో పడమటి గాలి భూమి మీంచి ఊపులు ఊపులుగా వస్తుంది, అప్పుడు పనికొస్తుంది. దిగుమతి కాగితాల మీద కస్టమ్స్ వర్గీకరణలోని 6306 శీర్షిక ఉండేలా చూడండి, పడవల తెరచాపలు టార్పాలిన్లతో పాటు అందులోకే వస్తాయి. అసలు ధర చూసి మురిసిపోకుండా కస్టమ్స్ సుంకం, ఐజీఎస్‌టీ, కొరియర్ ఛార్జీ కలిపి లెక్క వేసుకోండి.

డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు జిబ్ కొనండి. లఫ్ తీగ సమస్య ఎలాగూ ఉంది, ఎదురుగాలికి ఎక్కించేది కూడా అదే. కొత్త జిబ్ మీద ముందంచుకి 20 సెం.మీ. వెనక మూడు ఎత్తుల్లో ఉన్ని దారాలు అంటించండి. బోటుని నెమ్మదిగా గాలిలోకి తిప్పుతుంటే మూడూ ఒకేసారి అల్లాడాలి. పైది ముందు అల్లాడితే షీట్ పోయే కన్నాన్ని ముందుకి జరపండి, కిందది ముందైతే వెనక్కి.

కడగడం మంచినీళ్ళతోనే. తీరం పక్క ఇళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడగనట్టే. నోట్లో ఒక చుక్క వేసుకుని చూడండి. మెట్రో వాటర్ ఒక బకెట్ తీగల టెర్మినళ్ళకీ కప్పీలకీ, ఇంకో బకెట్ సెయిల్స్‌కీ చాలు. సెయిల్‌ని గాలిలో రెపరెపలాడించి ఆరబెట్టకండి, నీడలో పరిచి ఆరనిచ్చి చుట్టి పెట్టండి, మడత వద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బోటు ఒడ్డున వదిలేస్తే మాస్ట్ దించి పడుకోబెట్టండి. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను నగరంలో మహావృక్షాల్నే కూల్చింది, నిలబెట్టిన మాస్ట్ ఒక లెక్క కాదు.

కొత్త తీగలు మొదటి రెండు మూడు సార్లు నడిపినప్పుడు పోగులు సర్దుకుని కాస్త సాగుతాయి. మొదటి రోజు తిరిగి రాగానే పట్టీ పెట్టి మళ్ళీ కొలవండి, తగ్గితే రెండు వైపులా ఒకే రంధ్రం మేర కిందికి మార్చండి. నైలాక్ నట్లు స్టెయిన్‌లెస్ బోల్టు మీద వేగంగా తిప్పితే పట్టేసి ఇంక కదలవు, ఒక చుక్క గ్రీజు రాసి నెమ్మదిగా తిప్పండి. స్ప్లిట్ పిన్నుల కాళ్ళని కొద్దిగానే విప్పి, పైన టేపు చుట్టండి. జిబ్ షీట్ తగులుకుని పిన్ను ఊడితే కొత్త 3 మి.మీ. తీగ ఉండీ మాస్ట్ నీళ్ళలో ఉంటుంది.